మార్క్ ట్యాగులు వస్తే క్యాటలాగింగ్ వచ్చినట్టేనా?

లైబ్రరీ సైన్స్ డిగ్రీ పూర్తి చేసిన విద్యార్థిని నిద్రలో లేపి అడిగినా మార్క్‌లో (పుస్తకం వివరాలను కంప్యూటరు చదివేలా నంబర్ల గళ్లలో రాసే పద్ధతి) 100 అంటే రచయిత, 245 అంటే శీర్షిక, 650 అంటే విషయం అని గడగడా చెప్పేస్తారు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ గళ్లు, అంటే ఫీల్డులు, నింపడమూ వచ్చు. అదే విద్యార్థి చేతిలో 1950లలో అచ్చయి, అట్ట ఊడిపోయి, మొదటి పేజీ సగం చిరిగిన తెలుగు పుస్తకం ఒకటి పెట్టి దీనికి రికార్డు తయారు చెయ్యమంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇందులో తప్పు విద్యార్థిది కాదు. చాలా చోట్ల క్లాసులో చూపించేది ఇంగ్లీషు పుస్తకాల టైటిల్ పేజీల నమూనాలు, అవి కూడా శుభ్రంగా టైపు చేసి, రచయిత ఎవరో ప్రచురణకర్త ఎవరో సంవత్సరం ఏదో అన్నీ విడమరిచి ఇచ్చినవి. వాటిని చూసి ఏ ముక్క ఏ ఫీల్డులో పడుతుందో రాయడమే ప్రాక్టికల్. అసలు ఉద్యోగంలో మాత్రం ఆ ముక్కలను పుస్తకంలోంచి బయటికి లాగడమే పని, లాగిన తర్వాత ఫీల్డులో వేయడం అరనిమిషం వ్యవహారం.

తెలుగు నేల మీద ఈ చదువు కొత్తదేమీ కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీ సైన్సులో డిప్లొమా మొదలుపెట్టింది. ఈ రెంటి మధ్యలోనే మద్రాసులో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణనూ మరుసటి ఏడాది క్లాసిఫైడ్ క్యాటలాగ్ కోడ్‌నూ తెచ్చారు. అప్పట్నుంచి దశాబ్దాల పాటు పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కార్డు మీద ఎర్రగీత నుంచి ఎన్ని అక్షరాలు జరిపి రాయాలో నేర్చుకోవడమే క్యాటలాగింగ్ ప్రాక్టికల్. కార్డులు పోయాయి, ఏఏసీఆర్-2 అనే క్యాటలాగింగ్ నిబంధనలు పోయి 2010లో ఆర్డీఏ అనే కొత్త నిబంధనలు వచ్చాయి, కార్డు స్థానంలో మార్క్ 21 వచ్చి కూర్చుంది. ప్రశ్నపత్రం తీరు మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. కార్డు మీద ఖాళీలు లెక్కపెట్టిన చోట ఇప్పుడు ఇండికేటర్లు (ఫీల్డు నంబరు పక్కన వేసే రెండు అంకెలు) లెక్కపెడుతున్నారు.

ఇండికేటర్ల సంగతే చూడండి. 245 ఫీల్డులో రెండో ఇండికేటర్ దేనికంటే, శీర్షిక మొదట్లో అక్షరక్రమానికి లెక్కలోకి రాని అక్షరాలు ఎన్నో చెప్పడానికి. ఇంగ్లీషులో 'ది' తో మొదలైతే 4 వెయ్యాలి, ఎందుకంటే మూడక్షరాలు, ఒక ఖాళీ. పరీక్షలో ఇది తప్పకుండా అడుగుతారు. తెలుగులో ఆర్టికల్సే లేవు కాబట్టి తెలుగు పుస్తకానికి అక్కడ ఎప్పుడూ సున్నాయే. జిల్లా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల మధ్య ఉద్యోగం చెయ్యబోయే విద్యార్థి, ఆ ఉద్యోగంలో దాదాపు అక్కర్లేని విషయాన్ని కంఠతా పట్టి, రోజూ కావలసిన విషయాల్ని ఒక్కసారి కూడా చూడకుండా బయటికి వస్తున్నారన్నమాట.

రోజూ కావలసినవేమిటో తెలియాలంటే తెలుగు పుస్తకంలో టైటిల్ పేజీ వెనక ఉండే పేజీ చూడాలి. అక్కడ పైన 'ప్రథమ ముద్రణ' అని ఒక నెల, సంవత్సరం ఉంటాయి, ఉంటే. కింద 'సర్వహక్కులు రచయితవి' అని, 'ప్రతులు: 1000' అని, ఇంకాస్త కింద 'ముద్రణ' అని ఒక ప్రెస్సు పేరు, చివర 'ప్రతులకు' అని ఒకటో రెండో పుస్తకాల షాపుల చిరునామాలు. చూడటానికి ఆ షాపు పేరే అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు దాన్నే ప్రచురణకర్తగా రాసేస్తారు. చాలా తెలుగు పుస్తకాలకు ప్రచురణకర్త రచయితే, సొంత డబ్బుతో వేసుకున్నవి. షాపు అమ్మిపెట్టేది మాత్రమే. మార్క్‌లో 264 ఫీల్డు సరిగ్గా ఈ తేడా కోసమే ఉంది: రెండో ఇండికేటర్ 1 అయితే ప్రచురణ, 2 అయితే పంపిణీ, 3 అయితే ముద్రణ. ఈ మూడింటినీ ఇంగ్లీషు నమూనాతో నేర్పితే విద్యార్థికి బట్టీ కొట్టే అంకెలు, తెలుగు పుస్తకం వెనక పేజీతో నేర్పితే ఒక్క పుస్తకంతో జీవితాంతం గుర్తుంటాయి.

సంవత్సరం విషయం ఇంకా గమ్మత్తు. పాత పుస్తకాల్లో ఇంగ్లీషు సంవత్సరం వెయ్యకుండా తెలుగు సంవత్సరం పేరు వేసి ఊరుకున్నవి ఉంటాయి. ప్రభవ నామ సంవత్సరం అని ఉంటే అది 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు, 1987-88 కూడా కావచ్చు, ఎందుకంటే అరవై ఏళ్లకోసారి చక్రం మళ్లీ మొదలవుతుంది. మూడింట్లో ఏదో తేల్చాలంటే కాగితం చూడాలి, అచ్చు తీరు చూడాలి, ప్రెస్సు ఏ ఊళ్లో ఏ కాలంలో నడిచిందో, రచయిత ఎప్పటివారో, ముందుమాట ఎవరు రాశారో చూడాలి. పైగా ఉగాది మార్చిలోనో ఏప్రిల్లోనో వస్తుంది కనుక ఒక్క తెలుగు సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది. తేల్చిన తర్వాత దాన్ని చదరపు బ్రాకెట్లలో రాయాలి, అంటే ఇది పుస్తకంలో ఇలా లేదు, క్యాటలాగర్ ఊహించి రాశారు అని పాఠకుడికి చెప్పడం. ఆ బ్రాకెట్టు చిన్న గుర్తే కానీ ఈ వృత్తిలో నిజాయితీ అంతా అందులోనే ఉంది. దాన్ని ఒక విరామచిహ్నంగా నేర్పి వదిలేస్తున్నారు చాలామంది.

ఇక పేర్లు. ఇక్కడికొచ్చేసరికి పాశ్చాత్య నిబంధనలన్నీ తెలుగు మనిషి ముందు కాస్త తడబడతాయి. ఇంగ్లీషు పేరులో ఇంటిపేరు చివర ఉంటుంది, దాన్ని ముందుకు తెచ్చి కామా పెడితే పని అయిపోతుంది. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంది, అయినా అలవాటు కొద్దీ తిరగేస్తారు. విశ్వనాథ సత్యనారాయణను ఒక లైబ్రరీ విశ్వనాథ కింద పెడుతుంది, మరొకటి సత్యనారాయణ కింద పెడుతుంది. ఏఏసీఆర్-2లో దక్షిణాది భాషల పేర్లకు ప్రత్యేకంగా నిబంధన ఉంది కానీ అది ప్రధానంగా ఇంటిపేరు లేని మనిషిని, ఊరి పేరో తండ్రి పేరో ముందు తగిలించుకున్న మనిషిని దృష్టిలో పెట్టుకుంది. తమిళులకు బాగా సరిపోతుంది. తెలుగువాళ్లకు తరతరాలుగా వచ్చే ఇంటిపేరు ఉంటుందని, అది ముందు ఉంటుందని, దాన్ని ఒక్క అక్షరానికి కుదించి రాసుకుంటారని విడిగా చెప్పాల్సిందే.

పొడి అక్షరాలతో సమస్య అంతా ఇంతా కాదు. కె.వెంకటేశ్వరరావు అని టైటిల్ పేజీ మీద ఉంటే ఆ కె ఏమిటో తేలేదాకా ఆయన ఎవరో తేలినట్టు కాదు, తెలుగులో వెంకటేశ్వరరావులు ఎంతమంది పుస్తకాలు రాశారో ఏ లైబ్రరీ బీరువా చూసినా తెలుస్తుంది. కలం పేర్లు ఇంకో లోకం. శ్రీశ్రీ, ఆరుద్ర, చలం లాంటి వాళ్ల పుస్తకం మీద కలం పేరే ఉంటుంది, పాఠకుడూ అదే అడుగుతాడు, కాబట్టి శీర్షం (క్యాటలాగులో పుస్తకాన్ని ఏ పేరు కింద పెడతామో అది) అదే కావాలి, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినవాళ్లనూ అక్కడికే తీసుకురావాలి. ఒకప్పుడు ముప్పాళ రంగనాయకమ్మగా రాసిన రచయిత్రి తర్వాత ఒట్టి రంగనాయకమ్మ అయ్యారు. బీనాదేవి అన్న పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరు. అథారిటీ రికార్డు ఎందుకు, మారు పేర్లు రాసే 400 ఫీల్డు ఎందుకు అని ఒక పీరియడ్ అంతా థియరీ చెప్పే బదులు ఈ నాలుగైదు పేర్లు బోర్డు మీద రాసి, ఒక్కో పేరుకు పాఠకుడు ఎన్ని రకాలుగా వెతుకుతాడో క్లాసు మొత్తాన్ని చెప్పమంటే సరిపోతుంది. ఒక్కో పేరుకు పుట్టుకొచ్చే ఆ జాబితాయే అథారిటీ రికార్డు.

పేరు తేలింది, మరి ఏ లిపిలో రాయాలి? ఇది చాలా సిలబస్‌లలో ఒక్క పేరాతో దాటేసే విషయం, ఉద్యోగంలో మాత్రం మొదటి రోజే ఎదురవుతుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1960ల తొలినాళ్ల నుంచి భారతీయ పుస్తకాలను పెద్ద ఎత్తున సేకరిస్తోంది, ఢిల్లీలో దానికి ఆఫీసు ఉంది, కాబట్టి చాలా తెలుగు పుస్తకాలకు అక్కడ మంచి రికార్డులు దొరుకుతాయి. ఒక లైబ్రరీ రికార్డులను మరో లైబ్రరీ తెచ్చుకునే జడ్39.50 పద్ధతి ద్వారా ఒక్క క్లిక్కుతో దింపుకోవచ్చు. దింపాక చూస్తే అంతా రోమన్ లిపిలో, అచ్చుల మీద గీతలతో, హల్లుల కింద చుక్కలతో ఉంటుంది. ఆ పద్ధతి శాస్త్రీయమే, కానీ గుంటూరులో లైబ్రరీకి వచ్చిన మనిషి ఆ గీతలూ చుక్కలూ పెట్టి వెతకడు కదా. ఆయన తెలుగులో కొడతాడు, లేదా ఫోన్లో మెసేజీ రాసినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. శ కు ఎస్ ఒక్కటే వేసేవాళ్లు, పక్కన హెచ్ కలిపేవాళ్లు, చివర ఎం తో ఆపేవాళ్లు, యూ కూడా తగిలించేవాళ్లు. 880 ఫీల్డులో తెలుగు లిపి రూపాన్ని జత చెయ్యడం, 246లో మారు శీర్షికలు వెయ్యడం నేర్పకపోతే దిగుమతి చేసుకున్న మంచి రికార్డు కూడా ఊరికే పడి ఉంటుంది.

తెలుగు లిపిలో రాసినా గొడవ తీరదు. గ్రంథాలయానికి థ వత్తు వేసేవాళ్లూ ధ వేసేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. వేంకటేశ్వర, వెంకటేశ్వర రెండూ నడుస్తాయి, రావు ముందు ఖాళీ వదిలేవాళ్లు, వదలనివాళ్లు. వీటికన్నా మోసకారిది కంటికి కనిపించని అక్షరం ఒకటుంది, జీరో విడ్త్ నాన్-జాయినర్. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. ఒకరు అది పెట్టి టైపు చేసి, మరొకరు పెట్టకుండా వెతికితే, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు కావచ్చు. కోహాలో వెతకడానికి వాడే జీబ్రా ఇండెక్సును ఐసీయూ పద్ధతిలో పెట్టకపోతే (ఆసుపత్రిది కాదు, యూనికోడ్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ) తెలుగు వెతుకులాట సరిగా నడవదు. అంతకుముందు తరం డేటాదైతే ఇంకో కష్టం, అను లాంటి డీటీపీ ఫాంట్లలో కొట్టిపెట్టినది యూనికోడ్‌లోకి మార్చకపోతే అర్థంలేని గుర్తుల్లా కనిపిస్తుంది. ఇదంతా కంప్యూటర్ వాళ్ల పని అని తోసేసే అధ్యాపకులు ఉన్నారు. కాదు. ఏ రెండు రూపాలు ఒకటే అని కంప్యూటరుకు చెప్పాల్సింది క్యాటలాగరే.

2010 తర్వాత ఆర్డీఏతో పాటు సిలబస్‌లోకి వచ్చిన కృతి, వ్యక్తీకరణ, ప్రచురణ రూపం, ప్రతి అనే నాలుగు మెట్ల సిద్ధాంతం విద్యార్థుల్ని బాగా బెదరగొడుతుంది. గ్రంథాలయాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1998లో ప్రకటించిన నమూనా అది. డబ్బాలూ బాణాలూ గీసి చెబితే ఎవరికీ ఎక్కదు, కన్యాశుల్కం తీసుకుంటే ఎక్కుతుంది. గురజాడ 1897లో ఒకసారి అచ్చువేశారు, 1909లో బాగా పెంచి, మార్చి మళ్లీ వేశారు. ఇవాళ బజార్లో దొరికే చాలా ప్రతులు ఆ రెండో రూపానివి. రెండూ ఒకే కృతి, కానీ రెండు వేర్వేరు వ్యక్తీకరణలు. 1909 పాఠాన్ని ఎంతమంది ప్రచురణకర్తలు వేసినా, ఎన్నిసార్లు వేసినా వ్యక్తీకరణ ఒకటే, ప్రచురణ రూపాలు మాత్రం ఎన్నో. ఇంగ్లీషు అనువాదాలు మళ్లీ వేరే వ్యక్తీకరణలు. లైబ్రరీలో మూడో బీరువాలో చివరి పేజీలు పోయిన కాపీ ఒక ప్రతి. ఇంతవరకూ సులువే. చిక్కెక్కడంటే తెలుగు ప్రచురణకర్తలు మార్పులు చేసినా, పాత పాఠాన్నే మక్కికి మక్కి మళ్లీ వేసినా రెండింటికీ 'ద్వితీయ ముద్రణ' అనే రాస్తారు. కాబట్టి ఆ మాటను చూసి సంస్కరణ అని 250 ఫీల్డులో వేసేయకుండా ముందుమాట చదవాలి, పేజీల సంఖ్య పోల్చాలి. పరిశోధన చేసే విద్యార్థి 1897 పాఠం కావాలని వచ్చినప్పుడు క్యాటలాగు చెప్పలేకపోతే ఆ నాలుగు మెట్లు కాగితం మీదే ఉన్నట్టు.

వర్గీకరణ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, అది ఉన్నంతలో బాగానే నేర్పుతున్నారు. ఒక్క మాట: డ్యూయీ వర్గీకరణలో తెలుగు కథాసాహిత్యం 894.8273, దాని కిందే వేల నవలలు వరసగా నిలబడతాయి. తెలంగాణ సాయుధ పోరాటం నేపథ్యంగా వచ్చిన నవలలు కావాలని అడిగిన పాఠకుడికి ఆ నంబరు ఏ సాయమూ చెయ్యదు, విషయాన్నీ సాహిత్య ప్రక్రియనూ చెప్పే 650, 655 ఫీల్డులే చెయ్యాలి. సాహిత్యానికి విషయశీర్షికలు ఎందుకులే అని వదిలెయ్యడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న అలవాటు.

శిక్షణ లేకుండా మెటాడేటా (పుస్తకం గురించిన వివరాలు) తయారుచేస్తే ఏమవుతుందో చూపించడానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. అపురూపమైన తెలుగు పుస్తకాలు వేలల్లో స్కాన్ చేశారు, ఆ పని లేకపోతే వాటిలో ఎన్నో ఈపాటికి కంటికి కనిపించేవి కావు, ఆ మేలు చిన్నది కాదు. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. వాటి పక్కన డబ్లిన్ కోర్ పద్ధతిలో వివరాలు ఉంటాయి. 1995లో అమెరికా ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో జరిగిన సమావేశం నుంచి పుట్టిన ఈ పద్ధతిలో పదిహేనే అంశాలు, ఎవరైనా నేర్చుకోవచ్చు. అయినా రచయిత గడిలో 'లభ్యం కాదు' అని ఉండే పుస్తకాలు ఎన్నో, ఫైలు తెరిస్తే మొదటి పేజీలోనే రచయిత పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. శీర్షికలు రోమన్ లిపిలో ఒక పద్ధతంటూ లేకుండా, ఒకే పుస్తకం రెండు స్పెల్లింగులతో రెండు చోట్ల. తర్వాత తెలుగు వికీపీడియా ఔత్సాహికులు ఒక్కో పుస్తకం తెరిచి పేర్లు సరిచేసి జాబితాలు తయారుచెయ్యడానికి పూనుకున్నారు. అంటే మొదట ఒకసారి సరిగా చేస్తే అయిపోయే పని, తర్వాత జీతం లేనివాళ్ల నెత్తిన పడి తడిసి మోపెడైంది.

ఈ గుట్ట విద్యార్థులకు బంగారు గని. తప్పుల రికార్డులు ఊరికే దొరుకుతున్నాయి, పుస్తకం మొత్తం తెర మీద ఉంది, ఒక్కొక్కరికి పదేసి ఇచ్చి సరిచెయ్యమంటే సెమిస్టరు ల్యాబ్ అయిపోతుంది, దానికి ఖర్చు కూడా లేదు. ఆర్డీఏ టూల్‌కిట్‌కు చందా కట్టలేని విభాగాలు ఉన్నమాట నిజమే, కానీ కోహా, డిజిటల్ లైబ్రరీలకు వాడే డీస్పేస్ ఉచితం, మార్క్ 21 వివరాలన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. డబ్బు లేదన్నది ఇక్కడ సగం సాకు మాత్రమే. ఇప్పుడు టైటిల్ పేజీ ఫొటో ఇస్తే రికార్డు రాసిచ్చే ఏఐ టూల్స్ కూడా ఉన్నాయి కదా, ఇక మనిషికి ఇదంతా ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఆ టూల్‌కు వెనక పేజీ ఇచ్చి చూడండి, షాపును ప్రచురణకర్త చేసినా, ప్రభవను 1987 చేసినా ఎక్కడా తడబాటు కనిపించదు, బ్రాకెట్టు అసలే కనిపించదు. అలాంటి రికార్డులో తప్పులు పట్టించడం మంచి పరీక్ష ప్రశ్న అవుతుంది.

మార్కులు వేసే పద్ధతీ మారాలి. ఫీల్డుకు ఒక మార్కు, ఇండికేటర్‌కు అర మార్కు అని లెక్కగడితే ఫీల్డులే నేర్చుకుంటారు. ఒక విద్యార్థి చేసిన రికార్డుల్ని కోహాలో పెట్టి మరో విద్యార్థితో వెతికించాలి, అదీ పాఠకుడు అడిగే మాటలతోనే, సగం పేరుతో, తప్పు స్పెల్లింగుతో, కలం పేరుతో. దొరికితే మార్కు, దొరక్కపోతే ఎందుకు దొరకలేదో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో ఈ-కామర్స్ కంపెనీల క్యాటలాగ్ టీముల్లో చేరేవాళ్లకైనా, శోధగంగకు థీసిస్‌లు ఎక్కించే యూనివర్సిటీ లైబ్రరీలో చేరేవాళ్లకైనా రేపు అడగబోయేది ఇదే, వెతికితే దొరుకుతోందా అని.

చివరి ఏడాది ప్రాజెక్టు మాత్రం పుస్తకాల మీద కాకుండా పత్రికల మీద పెట్టడం మేలు, ఎందుకంటే నేర్చుకున్నదంతా ఒకేసారి పరీక్షకు నిలబడేది అక్కడే. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం లాంటి చోట పాత పత్రికల సంపుటాల ముందు కూర్చోబెట్టాలి. ఉదాహరణకు ఆంధ్రపత్రిక. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైంది, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా రావడం మొదలైంది, ఉగాదికి ప్రత్యేక సంచికలు వేసేవారు. దీనికి ఒక రికార్డా, రెండా, మూడా? ప్రచురణ స్థలం మారినంత మాత్రాన కొత్త రికార్డు అక్కర్లేదని నిబంధన చెబుతుంది, వారపత్రిక, దినపత్రిక వేటికవే కాబట్టి రెండు రికార్డులు, రెండింటికీ మధ్య లింకు. ఉగాది సంచిక దగ్గరే వాదన. దాన్ని వారపత్రికకు అనుబంధంగా చూడవచ్చు, విడి వార్షికగానూ చూడవచ్చు, పరిశోధకులు ఆ సంచికల్ని విడిగానే పేర్కొంటారు కాబట్టి రెండోదే మెరుగనిపిస్తుంది. ఏది ఎంచుకున్నా ఎందుకు ఎంచుకున్నారో గమనిక ఫీల్డులో రెండు వాక్యాలు రాయించాలి. ఈ ఒక్క పత్రికకు రెండు వారాల ల్యాబ్ ఇచ్చినా ఎక్కువేం కాదు.